నాలుగు చోట్ల ఉన్న పుస్తకం

ఒక పుస్తకం ఉందని రుజువు చేయడానికి ఆ పుస్తకాన్నే తీసి చూపించడం ఎంత మొరటు పద్ధతో గ్రహించడానికి మానవజాతికి కొన్ని వేల ఏళ్లు పట్టింది. గ్రహించిన ఊరు మద్రాసు. సంవత్సరం 1970. చూలై, మనలి, ఎన్నూరు, కోడంబాకం పేటల్లోని నాలుగు తెలుగు గ్రంథాలయాలు ఆ ఏడు చేయీ చేయీ కలిపి 'సంయుక్త గ్రంథ పట్టికా నిర్వహణ సహకార సమాఖ్య' అనే దాన్ని స్థాపించాయి. (పేరు ఒక బోర్డులో పట్టక రెండు బోర్డులు రాయించారు. రెండోదాన్ని తుఫాను గాలి ఎత్తుకుపోయింది. అప్పటినుంచి చూలైలో మెట్ల దగ్గర 'సంయుక్త గ్రంథ పట్టికా' అని మాత్రమే కనిపిస్తుంది. దానివల్ల పనికేమీ లోటు రాలేదు.)

అంతకు మునుపు పాఠకుడి బతుకు అనాగరికంగా ఉండేది. పుస్తకం కావాలంటే గ్రంథాలయానికి వెళ్లేవాడు. అల్మారాలో ఉంటే తెచ్చుకునేవాడు, లేకపోతే ఊరికే ఇంటికి పోయేవాడు. సమాఖ్య వచ్చాక ప్రతి పుస్తకానికీ ఒక కార్డు పుట్టింది. కార్డు అడుగున నాలుగు గళ్లు. ఏ శాఖలో ఆ పుస్తకం ఉంటే ఆ శాఖ గడిలో ఆకుపచ్చ సిరాతో 'ఉ' అని రాస్తారు. ఉన్నది అని దాని అర్థం. ఆ కార్డు నకళ్లు నాలుగు శాఖల్లోనూ ఉంటాయి. కనుక మనలి పాఠకుడు మనలిలోనే కూర్చుని, తనకు కావలసిన పుస్తకం మూడు బస్సులు మారితే అందే కోడంబాకంలో ఉందని తెలుసుకుని తృప్తిగా ఇంటికి పోవచ్చు. ఇంటికి పోవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. తృప్తి మాత్రం కొత్తది.

నాలుగు చోట్ల కార్డులూ ఒకే తీరుగా ఉండాలి కదా. అందుకోసం 'లైను గంట' ఏర్పాటైంది. పొద్దున పదకొండు నుంచి పన్నెండు దాకా మూడు శాఖలవాళ్లూ చూలై కేంద్రానికి ఫోను చేసి, ఆ రోజు కొత్తగా చేరిన పుస్తకాల పేర్లు చదివి వినిపించాలి. చూలైలో ఫోనును ఒక చెక్కపెట్టెలో పెట్టి తాళం వేస్తారు. పదకొండుకు తీస్తారు, పన్నెండుకు మూస్తారు. ఎన్నూరు శాఖకు ఫోను లేదు కాబట్టి అక్కడి గ్రంథపాలకుడు ధర్మలింగం, రోడ్డు పక్కన లారీ బ్రోకరు ఆఫీసుకు పోయి, డ్రైవర్లు తిట్టుకుంటూ వెనక నిలబడితే, నిఘంటువు పేరూ పుటల సంఖ్యా గొంతు చించుకుని చెప్పేవాడు. లైను గంట ముగిశాక చూలైలో ఒక రిజిస్టరు నింపాలి. అందులో మూడే గళ్లు: చేరిన గ్రంథాలు, అడిగిన పాఠకులు, తృప్తి పడినవారు. అడిగిన పాఠకుల గడి ఏడేళ్లుగా దాదాపు ఖాళీ. సున్నా వేయడం మంచిది కాదని ఖాళీగానే వదిలేసేవారు.

ఈ మహాయంత్రానికి ఇరుసు కోదండపాణి. సొంతవూరు బాపట్ల దగ్గర. సినిమాలకు మాటలు రాద్దామని ఇరవయ్యేళ్ల కిందట మద్రాసు వచ్చాడు. సినిమావాళ్లు ఆయన మాటలు విన్నారు, మెచ్చుకున్నారు, కాఫీ ఇప్పించారు. దస్తూరి ముత్యాల్లాంటిది కనుక చివరికి చూలై శాఖలో గ్రంథపాలకుడుగానూ, సమాఖ్యకు పట్టిక గుమాస్తాగానూ కుదురుకున్నాడు. గ్రంథాలయం మేడమీద, కింద అల్యూమినియం గిన్నెల వర్క్‌షాపు. పగలంతా సుత్తి దెబ్బలు. మేడమీద మౌనం పాటించమని బోర్డు ఉంది కానీ, అది చదివి వినిపించాలన్నా అరవాల్సిందే.

కోదండపాణి ఒక్క నవల రాశాడు. పేరు 'ఆ పడవ రాలేదు'. రెండువందల పన్నెండు పుటలు. సముద్రం మీదకు పోయిన మొగుడికోసం రేవులో కాచుకున్న ఒక మనిషి కథ. 1964లో ఐదువందల ప్రతులు అచ్చయ్యాయి. ప్రెస్సు ఆసామి ప్రెస్సు అమ్మేసుకుని ఊరు విడిచి పోయాడు, అమ్ముడుపోని కట్టలు గోడౌనులో వానకు తడిసి అట్టలు కట్టాయి. చివరికి కోదండపాణి చేతిలో ఐదు ప్రతులు మిగిలాయి. నాలుగు శాఖలకూ తలా ఒకటి కానుకగా ఇచ్చి, ఐదోది ఇంట్లో పెట్టుకున్నాడు. తన పుస్తకం కార్డు మీద నాలుగు గళ్లలోనూ 'ఉ' రాసిన రోజు ఆయన ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచాడు. ఆ అందం ఇంకే కార్డుకూ రాలేదని ఈనాటికీ అనుకుంటాడు.

ఇక అధ్యక్షులు ఆదికేశవులు గారి సంగతి. కొత్తవాల్ చావడిలో కందిపప్పు, మిరపకాయల టోకు వ్యాపారం. చదువంటే ఆయనకున్న గౌరవం ఎంతటిదంటే, ఎప్పుడూ దానికి కాస్త దూరంగానే నిలబడి దండం పెట్టేవారు. ఆయన ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. అంగట్లో సరుకు ఉన్నా లేకపోయినా వచ్చిన గిరాకీకి 'రేపు రాండి' అనే చెబుతారు. అలాంటి మనిషి ముందు కోదండపాణి మొట్టమొదటి సమావేశంలో కార్డు నమూనా పెట్టాడు. పుస్తకం ఉన్న గడిలో 'ఉ', లేని గడిలో 'లే' అని రాశాడు. ఆదికేశవులు గారు కార్డును వేడి పెనంలాగా రెండు వేళ్లతో ఎత్తి పక్కన పెట్టారు.

"ఈ రెండో అచ్చరం తీసెయ్యి కోదండం," అన్నారు. "మా అంగడి పెట్టి అరవై ఏండ్లయ్యింది. మా తాత గానీ, మా నాయన గానీ, నేను గానీ, వచ్చిన మనిషితో ఆ మాట ఒక్కసారన్నా అనింది..."

ఇక్కడ వాక్యం పూర్తి కావాలంటే ఆ మాటే కావలసి వచ్చింది. ఆయన కాసేపు పైకప్పు చూసి, వాక్యాన్ని అక్కడే వదిలేసి కాఫీ తాగారు. ఆ వదిలేసిన వాక్యమే నాలుగో నిబంధన అయింది. దాని ప్రకారం, పట్టికలో ఎక్కడా, ఏ శాఖవారూ, ఏ కారణంచేతనూ 'లేదు' అని రాయరాదు, లైను గంటలో పలకరాదు. దానికి తోడు ఏడో నిబంధన ఒకటి: ఒకసారి రాసిన 'ఉ'ను కొట్టివేయరాదు. చిట్టాలో కొట్టివేత కనిపిస్తే ఏ వ్యాపారికైనా గుండె ఝల్లుమంటుంది కదా, అందుకు.

నాలుగో నిబంధన వచ్చాక, పుస్తకాల పేర్లలోనే ఆ పాడుమాట ఉంటే ఎలా అన్న ప్రశ్న పుట్టింది. వెతికితే నలభైఒక్క పుస్తకాలు దొరికాయి. కమిటీ మూడు ఆదివారాలు కూర్చుని వాటిని సరిదిద్దింది. 'మొలక లేని చేను' కాస్తా 'మొలక ఉన్న చేను' అయింది. 'నొప్పి లేని పురుడు' అనే వైద్య గ్రంథం 'నొప్పి ఉన్న పురుడు'గా పట్టికకెక్కింది. (ఆ తర్వాత దాన్ని ఏ ఆడమనిషీ అడగలేదు. తెలిసిన విషయమే కదా అనుకుని ఉంటారు.) జాబితాలో ముప్పైరెండోది 'ఆ పడవ రాలేదు'. కమిటీ దాన్ని 'ఆ పడవ వచ్చినది' అని సవరించింది. కోదండపాణి నోరు తెరవబోయాడు. శుభం పలకరా మంకెన్నా అంటే వినవు కదా అని ఆదికేశవులు గారు ముద్దుగా కోప్పడ్డారు. నెలజీతం మీద బతికే మనిషి, పైగా మారేది కార్డే కానీ పుస్తకం కాదు కదా. కోదండపాణి తన ముత్యాల దస్తూరితో పడవను రేవుకు తెచ్చి, కింద సంతకం పెట్టాడు.

ఏళ్లు గడిచాయి. పేరుకొక కార్డు, రచయితకొక కార్డు, విషయానికొక కార్డు, దాతకొక కార్డు చొప్పున ఒక్కో పుస్తకానికి శాఖకు నాలుగు కార్డులు. ఆరువేల మూడువందల పద్దెనిమిది పుస్తకాలకు నాలుగు శాఖల్లో కలిపి లక్ష పైచిలుకు. వాటిని దాచడానికి టేకు బీరువాలు కావలసి వచ్చాయి. బీరువా ఇస్తే తలుపు మీద పేరు చెక్కిస్తారు కాబట్టి దాతలు పోటీలు పడ్డారు. పుస్తకాలకు దాతలు అంతగా రారు, పుస్తకం మీద ముందే ఇంకెవరిదో పేరు ఉంటుంది. బీరువాలు వచ్చిన కొద్దీ గదుల్లో చోటు చాలక, పుస్తకాల అల్మారాలు ఒక్కొక్కటే వరండాలోకి, వరండాలోనుంచి మెట్ల కిందికి జరిగాయి. మెట్ల కింద గిన్నెల వర్క్‌షాపు వాళ్లు ఒప్పుకోలేదు.

ఈ సంక్షోభంలోనుంచి సమాఖ్యను గట్టెక్కించినవాడు కోదండపాణి. పదకొండో నిబంధన పూర్తిగా ఆయన సొంత రచన. 'ఏదేని గ్రంథమునకు తక్కిన మూడు శాఖల గళ్లలోనూ "ఉ" ఉన్నచో, నాల్గవ శాఖ తన ప్రతిని నిశ్చింతగా త్యజించవచ్చును.' ఇందులో 'నిశ్చింతగా' అన్న మాట కోసం ఆయన రెండు రోజులు ఆలోచించాడు. కమిటీ చప్పట్లు కొట్టింది. ఒకే పుస్తకాన్ని నాలుగు చోట్ల మోయడమెందుకు, ఒక చోట లేకపోయినా మిగతా మూడు చోట్ల ఉంటుంది కదా. తర్కంలో వెంట్రుకవాసి లోపం లేదు. త్యజించిన సంగతి కార్డు మీద రాయాలంటే మాత్రం 'ఉ' కొట్టేయాలి, దానికి ఏడో నిబంధన అడ్డం. లేదని పలకాలంటే నాలుగోది అడ్డం. కనుక ఎవరు ఏది త్యజించినా కార్డులు కన్యల్లాగా చెక్కు చెదరకుండా ఉండేవి. నిబంధన రాసినవాడే ముందు పాటించాలని కోదండపాణి తన ఇంట్లోని ఐదో ప్రతిని కూడా పాతపేపర్ల వాడికి వేశాడు. నాలుగు చోట్ల భద్రంగా ఉన్నదాన్ని ఐదో చోట ఉంచుకోవడం ఆయనకు స్వార్థంగా తోచింది.

1977 శ్రావణంలో ఒక మధ్యాహ్నం చక్రవర్తి గారు ఆ మెట్లెక్కి వచ్చారు. చక్రవర్తి గారు కోడంబాకం నిర్మాత. పెద్ద నిర్మాత కాదు కానీ, తీసిన రెండు సినిమాలూ పూర్తిచేసిన మనిషి. సుత్తి దెబ్బలు కాస్త ఆగేదాకా కూర్చుని, ఆగగానే విషయం చెప్పారు.

"కోదండపాణి గారూ, మీ 'ఆ పడవ రాలేదు' చదివి మా అక్కయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదటండీ. పదమూడేళ్లయినా ఇంకా చెబుతూనే ఉంది. నాకు అలాంటి కథే కావాలి. పుస్తకం ఇవ్వండి, చదివి మాట్లాడతాను."

కథ ఇప్పుడే నోటితో చెబుతానని కోదండపాణి తొందరపడ్డాడు. చక్రవర్తి గారు చెయ్యి అడ్డం పెట్టారు. కోడంబాకంలో నోటితో చెప్పిన కథ మూడో ఇంటికి వెళ్లేసరికి ఇంకొకరిది అవుతుందనీ, అచ్చు పుస్తకం చేతిలో ఉంటేనే తనకు పెట్టుబడి పెట్టేవాళ్లు నమ్ముతారనీ వివరించారు. పదిహేను రోజులు గడువిచ్చి వెళ్లారు. ఇరవయ్యేళ్లుగా ఎదురుచూసిన మాట అది. కోదండపాణికి కాళ్లు నేలమీద ఆనలేదు. పుస్తకానికేం, నాలుగు చోట్ల ఉంది.

మొదటి చోటు ఆయన వీపు వెనకే ఉంది. లేచి చూశాడు. ఆ అల్మారా ఉండవలసిన చోట దాతల కార్డుల బీరువా ఉంది. త్యజించిన గ్రంథాల జాబితాలు తీశాడు. మూడువందల పేర్ల జాబితాలో నూటపధ్నాలుగోది తనదే. అడుగున సంతకమూ తనదే. జాబితాలు చదివి సంతకం పెట్టే తీరిక పట్టిక గుమాస్తాకు ఎక్కడిది? అయినా మూడు శాఖల్లో ఉంది కదా అని మనసు సరిపెట్టుకుని, మర్నాడు లైను గంటలో మనలి గ్రంథపాలకుడు బాలసుందరాన్ని అడిగాడు. పుస్తకం ఉందా అని లైనులో అడగడం బాలసుందరం తన ఉద్యోగంలో విననిది. కార్డు చూసుకోలేదా, మనలి గడిలో 'ఉ' ఉంది కదా అన్నాడు. కార్డు కాదు, అల్మారా చూసి చెప్పమని కోదండపాణి బతిమాలాడు. అల్మారా చూడాలంటే అధ్యక్షుల ఉత్తరం కావాలన్నాడు బాలసుందరం. కాసేపటికి గొంతు తగ్గించి, నాలుగో నిబంధనకు భంగం కలగకుండా, ఆ పుస్తకం ప్రస్తుతం చూలై, ఎన్నూరు, కోడంబాకం శాఖల్లో ఉన్నదని చెప్పాడు. మనలి పేరు అందులో రాలేదు. కోదండపాణికి అర్థమైంది.

మర్నాడు సెలవు పెట్టి ఎన్నూరు బస్సెక్కాడు. ఎన్నూరు శాఖ వాగు ఒడ్డున ఒక రేకుల గది. కిటికీ తీస్తే చేపల వాసనా, మూస్తే లారీల దుమ్మూ. ధర్మలింగం కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు, సోడా తెప్పించాడు. పుస్తకం మాట ఎత్తగానే అతని మొహం వాడిపోయింది.

ఎన్నూరులో ఆ పుస్తకానికి పాఠకులు ఉన్నారు. సమాఖ్య మొత్తానికి ఈ సంగతి వింతే. మధ్యాహ్నాలు చేపలు ఎండేసి వచ్చిన ఆడవాళ్లు నలుగురు గుమ్మంలో కూర్చుంటే ధర్మలింగం రోజుకు పది పుటలు చదివి వినిపించేవాడు. ముందు చదివేస్తే మోసం చేసినట్టవుతుందని తానూ వాళ్లతోపాటే చదువుకుంటూ వచ్చాడు. నూటముప్పై పుటలయ్యాయి. అప్పుడు కొత్త బీరువా వచ్చింది.

"శానా దినాలు ఆపినా సార్," అన్నాడు ధర్మలింగం. "కార్డు మూడుసార్లు తీసి చూసినా. చూలైలో ఉండాది, మనలిలో ఉండాది, కోడంబాకంలో ఉండాది. సరే, మిగిలింది చూలై నుంచి తెప్పించుకుందామని ఈడ ఉండేది ఏసేసినా. మీకు అర్జీ కూడా పంపినా. మీరే జవాబు రాసినారు."

ఆ జవాబును అతను ఫైలులో దాచుకున్నాడు. తీసి చూపించాడు. 'ఎన్నూరు గడిలోనే "ఉ" ఉన్నందున, సదరు గ్రంథమును వేరొక శాఖ నుండి పంపుటకు వీలుపడదు.' ముత్యాల్లాంటి దస్తూరి.

ఆ నలుగురిలో కోకిల అనే ఆమె రోజూ వచ్చి పడవ వచ్చిందా అని అడుగుతోందట. ఆమె మొగుడూ సముద్రం మీదకు పోయేవాడే. అట్టమీద రాలేదని, కార్డులో వచ్చిందని ఉంటే ఏది నమ్మేది, మీరైనా చెప్పండి సార్, వచ్చిందా, అన్నాడు ధర్మలింగం. కోదండపాణి సోడా సీసా కింద పెట్టాడు. తన పుస్తకంకోసం ఈ ఊళ్లో ఒక మనిషి రోజూ గుమ్మంలోకి వస్తోంది. ఆ సంతోషంలోనే కాస్త రచయిత గర్వమూ తలెత్తింది. ముగింపు నోటితో చెప్పేది కాదనీ, పుస్తకం దొరకగానే తానే తెచ్చి ఇస్తాననీ, మిగిలిన పుటలు ధర్మలింగమే చదివి వినిపించాలనీ అన్నాడు. లారీల దుమ్ములో బస్సుకోసం నిలబడి, పదకొండో నిబంధనను రాసినవాడిని నోరారా తిట్టాడు. అది వినవలసినవాడు పక్కనే ఉన్నాడు కనుక తిట్టు వృథా కాలేదు.

మిగిలింది కోడంబాకం. అక్కడి గ్రంథపాలకురాలు కాంచన ఒకప్పుడు సినిమాల్లో బృందగానాలు పాడిన విజయవాడ మనిషి. ఆవిడ ఏదీ దాచలేదు. త్యజించిన పుస్తకాలను పాతపేపర్లకు వేయడం మనసొప్పక, ఒక స్టూడియో సెట్టింగుల వాళ్లకు ఇచ్చామని చెప్పింది. అవి లాయరు ఆఫీసు సీన్లకు బాగా పనికొస్తున్నాయట. కోదండపాణి పరుగున ఆ స్టూడియో గోడౌనుకు పోయాడు. లాయరు గారి పుస్తకాల గోడ అక్కడ నిలబెట్టి ఉంది. ముందు నుంచి చూస్తే వేయి గ్రంథాలు. వెనకనుంచి చూస్తే ప్లైవుడ్డు చెక్క. పుస్తకాలు నిండుగా పెడితే గోడ బరువెక్కి మోయలేకపోతున్నామని, వెన్నులు మాత్రం కోసి బంకతో అతికించి, లోపలి కాగితాలు పొయ్యిలోకి వేశారు. శిక్షాస్మృతి సంపుటాల మధ్య, బంగారు అక్షరాల్లో, 'ఆ పడవ రాలేదు - కోదండపాణి' అని ఉంది. వడ్రంగి జాలిపడి ఆ వెన్ను పీకి ఇచ్చాడు. నవల మొత్తం కోదండపాణి చొక్కా జేబులో పట్టింది.

గడువు ఇంకా ఆరు రోజులుంది. పోనీ మళ్లీ రాద్దామని కూర్చున్నాడు. కథ ఆయన కడుపులో పుట్టిందే కదా. మొదటి అధ్యాయం ఐదు పంక్తుల్లో ముగిసింది. స్థలం, వ్యక్తులు, విషయం, పుటల సంఖ్య, కొలత. రెండో అధ్యాయం నాలుగు పంక్తులే వచ్చింది. ఏడేళ్లుగా కార్డులు రాసిన చెయ్యి అది. కార్డు అంచు ఎక్కడ వస్తుందో దానికి బాగా తెలుసు, ఆ అంచు దాటి పోవడమే మరిచిపోయింది. చదువుకుని చూసుకుంటే రేవులో నిలబడ్డ ఆడమనిషి 'విషయం: మత్స్యకార స్త్రీ' అయిపోయింది. ఆ కాగితాలు చించేసి కోదండపాణి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

కనీసం కార్డు మీద పేరైనా సరిచేస్తే చక్రవర్తి గారికి ఏదో ఒకటి చూపించవచ్చని, కొత్తవాల్ చావడికి పోయి ఆదికేశవులు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన మిరపకాయల బస్తాల మధ్య కూర్చుని అంతా ఓపిగ్గా విన్నారు. నాలుగు శాఖల్లోనూ పుస్తకం లేదన్న చోట మాత్రం చెవులు మూసుకున్నారు.

"నీ బాధ నాకు అర్తమవుతా ఉండాది కోదండం," అన్నారు. "అయితే ఒక్కటి ఆలోచించు. ఆ కార్డు ఈ పొద్దు మారిస్తే రేపు ఇంకొకటి మార్చమంటారు. అల్మారాలో ఉండేదాన్ని బట్టి కార్డు రాస్తే, ఇంక ఆ కార్డుకు మర్యాద ఏముండాది?"

కోదండపాణి దండం పెట్టి అంగడి మెట్లు దిగాడు. మరీ నిజం చెప్పాలంటే, పట్టిక గుమాస్తాగా ఆయనకు ఆ మాట సబబుగానే తోచింది.

పదిహేనో రోజు చక్రవర్తి గారు వచ్చారు. బల్లమీద ఒకవైపు వెన్ను, ఒకవైపు కార్డు. ఆయన వెన్నును అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత కార్డు చేతిలోకి తీసుకుని పెదవులు కదుపుతూ చదివారు. చాలాసేపు చదివారు. అది చాలా మంచి కార్డు.

"ఇందులో పడవ వచ్చిందని ఉందేమండీ?"

"రాలేదండి. నవల్లో రాదు."

"ఈ అట్టముక్కలో రాలేదంటుంది, కార్డులో వచ్చిందంటుంది. కార్డుకు నాలుగు శాఖల ముద్రలున్నాయి. కింద సంతకం ఎవరిదండీ?"

"నాదే."

చక్రవర్తి గారు కార్డును మర్యాదగా బల్లమీద పెట్టేశారు. తిరిగొచ్చే పడవ కోసం జనం టిక్కెట్టు కొనరనీ, తమ అక్కయ్య వేరే ఎవరి పుస్తకమో చదివి ఉంటుందనీ, ఆమె వయసు కూడా అయిందనీ చెప్పి, శ్రమ ఇచ్చినందుకు క్షమాపణ చెప్పుకుని మెట్లు దిగిపోయారు. కింద సుత్తి దెబ్బలు మళ్లీ మొదలయ్యాయి.

సరస్వతీ పూజ వచ్చింది. చూలైలో పూజకు పెట్టడానికి పుస్తకాలు చాలలేదు కనుక కార్డుల బీరువాలకే పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. ఆదికేశవులు గారు శనగ గుగ్గిళ్ల సుండలు పంచి, సభనుద్దేశించి మాట్లాడారు. ఆరువేల మూడువందల పద్దెనిమిది గ్రంథాలున్న పట్టికలో, ఈ ఏడేండ్లలో, ఆ మాట ఒక్కసారన్నా వచ్చింది... అని ఆగి, పైకప్పు చూసి, చప్పట్లు కొట్టమని సైగ చేశారు. కొట్టారు. పట్టికా నిర్వహణలో నూటికి నూరుపాళ్ల నిజాయితీకి గాను కోదండపాణికి జరీ అంచు శాలువా కప్పారు.

పూజ తర్వాత ఏటా జరిగే తనిఖీ. ప్రతి కార్డునూ సరిచూసి, 'సరిచూడడమైనది' అని సంతకం పెట్టాలి. సరిచూడడమంటే చూలై కార్డును మిగతా మూడు శాఖల కార్డులతో పోల్చి చూడడం. అల్మారాలతో పోల్చే ఆలోచన ఎవరికీ రాలేదు, రావలసిన అవసరమూ కనిపించలేదు. మూడో వారంలో, మంగళవారం పొద్దున, కోదండపాణి చేతికి తన కార్డు వచ్చింది. నాలుగు చోట్లా నాలుగు కార్డులూ అక్షరం తేడా లేకుండా ఒక్కలాగే ఉన్నాయి. కలం తీసి సంతకం పెడుతూ ఉండగా ఫోను మోగింది.

వెనక లారీల రొద. ధర్మలింగమేనని అనుకున్నాడు. ఆడగొంతు.

"సార్, నేను ఎన్నూరు నుంచి కోకిలను మాట్లాడతా ఉండా. ఆ పుస్తకం రాసింది మీరేనంట, ధర్మలింగం సారు చెప్పినాడు. నాకు పుస్తకం వద్దు సార్, సదివేది నాకు రాదు. ఆ పడవ వచ్చిందా, ఆ ఒక్క మాట చెప్తే సాలు. ఈడ నలుగురం కాచుకోని ఉండాం."

రావలసిన మాట కోదండపాణి నాలుక చివరిదాకా వచ్చింది. ఒకప్పుడు ఆ ఒక్క మాట చెప్పడానికే రెండువందల పన్నెండు పుటలు రాశాడు. గడియారం చూశాడు. పదకొండూ నలభై. లైను గంట ఇంకా నడుస్తోంది. బల్లమీద కార్డు ఉంది, దాని మీద సిరా ఇంకా ఆరలేదు.

"వచ్చిందమ్మా," అన్నాడు.

అటువైపు ఆమె ఫోను పక్కకు తిప్పి ఎవరికో ఆ మాట చెప్పడం వినిపించింది. ఒకావిడ నేను అప్పుడే చెప్పలేదా అంది. ఇంకెవరో ముక్కు చీదుకున్నారు. ఆమె మళ్లీ ఫోనులోకి వచ్చి, దేవుడిలాంటి మాట చెప్పినారు సార్, అంది. లైను తెగిపోయింది.

పన్నెండుకు కోదండపాణి పెట్టెకు తాళం వేసి, రిజిస్టరు తీసి, ముత్యాల్లాంటి దస్తూరితో ఆనాటి గళ్లు నింపాడు. అడిగిన పాఠకులు: ఒకరు. తృప్తి పడినవారు: నలుగురు. ఇచ్చిన పుస్తకాలు రాయడానికి ఆ రిజిస్టరులో గడి లేదు.